బోణీకి గిట్టిన కందిపప్పు

1964 జులైలో ఒక సోమవారం. తాడిపత్రి పాత బజారులో పక్కపక్కనున్న నాలుగు కిరాణా అంగళ్లు మధ్యాహ్నం దాకా తెరుచుకోలేదు. బజారులో ఎవరూ చనిపోలేదు. బందుకు ఎవరూ పిలుపివ్వలేదు. నలుగురు యజమానులూ లోపలే ఉన్నారు. మొదటి అంగడి మెట్టు మీద మాబీ కూర్చుని ఉంది.

సరుకుల ధరలు పెరగడం మనిషికి మేలు చేస్తుంది. ఈ మాటకు కర్ర తీసుకునేవారు ఉంటారు. వారు ముందు మాబీ సంగతి వినాలి.

మాబీది బెళుగుప్ప. రెండేళ్లుగా అక్కడ చెనక్కాయ పంట రాలేదు. మూడో ఏడు బావి కూడా ఎండింది. వేసవి మొదట్లో భర్త ఇమాంసాబ్, అత్త గౌస్‌బీ, కూతురు హబీబాతో కలిసి ఆమె విదేశానికి వలస వచ్చింది. విదేశం అంటే తాడిపత్రి. అక్కడ బండలకు పాలిష్ పట్టే చోట ఇమాంసాబ్‌కు పని దొరికింది.

రెండూ అనంతపురం జిల్లాలోవే కదా, విదేశం ఎట్లా అవుతుంది అని భూగోళం పుస్తకం చదివినవారు అడగవచ్చు. భూగోళం పుస్తకం రాసినవారు సొంతంగా కందిపప్పు కొన్నట్టు లేదు. బెళుగుప్పలో బస్సెక్కి ఉరవకొండలో దిగాలి. అక్కడ ఇంకో బస్సెక్కి గుంతకల్లులో దిగాలి. గుంతకల్లులో రైలెక్కాలి. ఇన్ని ఎక్కి దిగితే వచ్చేది స్వదేశమేనా?

రైలు దిగగానే భాష మారింది. బెళుగుప్ప వైపు కన్నడ సీమ దగ్గర కాబట్టి డబ్బును దుడ్లు అంటారు. తాడిపత్రిలో లెక్క అంటారు. మొదటి రోజు మాబీ పాత బజారులో బయ్యన్న అంగడికి పోయి పప్పు ధర విన్నది. "అన్ని దుడ్లా?" అన్నది. బయ్యన్న ఆమెను కింది నుంచి పైకి చూశాడు.

"యాడిదమ్మా మీది? బళ్లారి పక్కనా?"

ఆ క్షణం నుంచి ఆమె పరదేశి.

విదేశానికి మూడో గుర్తు ధర. బెళుగుప్పలో నాగప్ప అంగట్లో పావుకిలో కందిపప్పు వచ్చే డబ్బుకు ఇక్కడ దోసెడు వచ్చింది. నాగప్ప తూకం వేశాక పైన పిడికెడు కొసరు వేసేవాడు. హబీబా చేతిలో బెల్లం ముక్క పెట్టేవాడు. మాబీ ఇక్కడా కొసరు అడిగింది. బయ్యన్న తక్కెడలోని గుండ్లు చూపించాడు.

"ఇవి కిలో గుండ్లమ్మా. గవర్మెంటోళ్లవి. గవర్మెంటు యాడన్నా కొసరిస్తుందా?"

మాబీ దగ్గర దీనికి జవాబు లేదు. ఇంతవరకు ఎవరి దగ్గరా లేదు.

ధరల వల్ల ఆ ఇంటికి కలిగిన మొదటి మేలు కంటికి సంబంధించినది. గౌస్‌బీకి చూపు ఆనదని బెళుగుప్పలో అందరికీ తెలుసు. తాడిపత్రికి వచ్చిన నెలలోనే ఆమె గిన్నెలోకి తొంగి చూసి పప్పు ఎక్కడుందో చెప్పడం మొదలుపెట్టింది.

"అద్దో, ఆ పక్కనుండాది. గరిటె మెల్లిగ పోనీమ్మా. కదిలించినావంటే పోతాది."

ఏ కంటి డాక్టరు, ఏ ఆసుపత్రిలో, ఒక్క నెలలో ఇంత పని చేశాడు?

ఇమాంసాబ్ ఈ మేలును గుర్తించలేదు. పొద్దంతా బండ మీద వంగి పనిచేసి వచ్చిన మనిషికి సంగటిలోకి పప్పు కావాలి, పప్పు కడిగిన నీళ్లు కాదు. జూన్‌లో ఒక సాయంత్రం అతను చెయ్యి కడుక్కుని చెప్పాడు.

"ఓబుళేసు లారీ వచ్చే నెల మొదటి సోమవారం బండలేసుకుని కళ్యాణదుర్గం పోతాండాది. బెళుగుప్ప మీదనే పోవల్ల. మీ ముగ్గురినీ ఎక్కిస్తా. నేనొగన్నే ఈడ ఏదో ఒగటి తిని పడుంటా."

"బావిలో నీళ్లు పడినాయా?" అన్నది మాబీ.

"ల్యా."

"మరి ఆడికి పోయి ఏం తాగల్ల మేము?"

"మీ అన్న గౌస్ పీర్ ఉండాడు కదా."

"మా అన్నను తాగల్లనా?"

ఇమాంసాబ్ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అయితే బెళుగుప్ప ధరకు పప్పు తే. తెచ్చినావా, ఈడనే ఉండండి. అంతే."

అది మాటవరసకు అన్నది. మాబీ మాటవరసకు వినలేదు. లారీ వచ్చేలోగా పప్పు బెళుగుప్ప ధరకు దిగాలి. దిగకపోతే మొగుడు ఇక్కడ, తాము అక్కడ.

మరుసటి రోజు తెల్లవారుజామున గౌస్‌బీకి దగ్గు ఎక్కువైంది. మిరియాలు, బెల్లం కావాలి. మాబీ పోయేసరికి బయ్యన్న అప్పుడే అంగడి తలుపు పలకలు తీసి, వాకిట్లో నీళ్లు చల్లి, ఊదుబత్తి వెలిగించాడు. మిరియాలు, బెల్లం పక్కన పెట్టించి ఆమె అలవాటుగా పప్పు ధర కూడా అడిగింది. అతను చెప్పాడు. ఆమె బెళుగుప్ప ధర చెప్పింది. అతను నవ్వాడు.

"అయితే ఏమీ వద్దులేన్నా," అని ఆమె మెట్టు దిగింది.

బయ్యన్న చెప్పుల్లేకుండా వీధిలోకి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమ్మా, బోణీ బేరం. వట్టి చేతుల్తో ఎట్ల పోతావు?"

"నువ్వియ్యనంటివి కదా."

"ఇయ్యనని యాడంటిని? నవ్వితి. నవ్వేది గూడా తప్పేనా?"

బెళుగుప్ప ధరకే ఇచ్చాడు.

బోణీ అంటే తెలియనివారు మన దేశంలో లేరు. పొద్దున మొదట మెట్టెక్కిన మనిషి కొనకుండా దిగిపోతే ఆ రోజు వ్యాపారం కూడా వెంట దిగిపోతుందని అంగళ్లవారి నమ్మకం. మాబీకీ ఇది తెలుసు. కానీ బెళుగుప్పలో నాగప్పకు బోణీ రోజూ అతని తల్లే చేసేది. ఆమె బేరమాడదు, డబ్బూ ఇవ్వదు. అందువల్ల బోణీలో ఇంత సరుకు ఉందని ఊళ్లో ఎవరూ కనిపెట్టలేదు.

మాబీ ఇంటికి పోయి గౌస్‌బీకి చెప్పింది.

"అత్తా, ఈ దేశంలో ధర గూడా ఎండ మాదిరే. తెల్లారి తక్కువుంటాది. పొద్దెక్కే కొద్దీ ఎక్కుతాది."

"చలువున్నప్పుడే తెచ్చుకో అయితే," అన్నది గౌస్‌బీ.

ఆ రోజు నుంచి మాబీ డ్యూటీ మొదలైంది. బజారులో నాలుగు అంగళ్లున్నాయి. బయ్యన్న స్నానం కాగానే తెరుస్తాడు. రెండో అంగడి యజమాని కాఫీ తాగి తెరుస్తాడు. మూడో ఆయన పేపరు చదివి తెరుస్తాడు. మిగతా ముగ్గురికీ ఏ ఆపదా రాలేదని తెలుసుకున్నాక నాలుగో ఆయన తెరుస్తాడు. మాబీ బయ్యన్న దగ్గర పప్పు, రెండో అంగట్లో చింతపండు, మూడో దాంట్లో నూనె, నాలుగో దాంట్లో మిరపకాయలు బోణీ చేసి ఇంటికి పోయేది. నాలుగు చోట్లా బెళుగుప్ప ధరే. వెనక బీడీల కోసం వచ్చినవారు నిలబడి ఉండేవారు. వారిని ముందు పిలిచి ఆమెను పక్కన పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. ముందు మెట్టెక్కినది ఆమె. ఆమెను తోసేస్తే లక్ష్మిని తోసేసినట్టు.

ఇంట్లో పప్పు చిక్కబడింది. గౌస్‌బీ గిన్నెలోకి చూసి నిట్టూర్చింది.

"మళ్లా చూపు ఆనకుండా పోతాండాది. అంతా పప్పే. నీళ్లు యాడుండాయో కనపల్లేదు."

ఇమాంసాబ్ ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. "యాడిదే ఈ పప్పు?"

"బెళుగుప్పది."

"ఎవురు తెచ్చిరి?"

"ధర బెళుగుప్పది. పప్పు ఈడిదే."

అతను ముద్ద మింగి ఆలోచించాడు. "ఒగ దినం దొరికిందని కాదు. లారీ వచ్చే దినం దాకా ఇదే ధరకు తే. అప్పుడు చూస్తాం."

ఇక పాఠకులు ధరల వల్ల సమాజానికి జరిగిన మేళ్లు గమనించాలి.

మాబీని తప్పించుకోవడానికి బయ్యన్న ముందు ఆలస్యంగా తెరిచి చూశాడు. ఎంత ఆలస్యమైనా ఆమె మెట్టు మీదే ఉంది. తర్వాత తొందరగా తెరిచి చూశాడు. ఆమె ఇంకా తొందరగా వచ్చింది. దీనివల్ల బయ్యన్న చీకటితోనే లేవడం అలవాటు చేసుకున్నాడు. ఆయన భార్య పెళ్లైననాటి నుంచి కోరుతున్నది అదే.

మాబీ పక్కింటి రామలక్ష్మమ్మకు సంగతి తెలిసింది. బోణీ ఒక్కరికే దక్కుతుంది, కానీ రెండో మనిషిగా నిలబడితే ఆ వేడి కొంత తనకూ తగులుతుందని ఆమె వచ్చింది. ఆమె వెనక వీధి వచ్చింది. పొద్దున నడక వల్ల ఒంట్లో కొవ్వు తగ్గిందని చెప్పినవారున్నారు. తగ్గింది నడక వల్లనా, పప్పు లేకనా అన్నది ఇంకా తేలలేదు. మసీదులో తెల్లవారుజాము నమాజుకు జనం పెరిగారు. గుడిలో సుప్రభాతం వినేవారూ పెరిగారు. ఎట్లాగూ లేచారు కదా! వీధిలో కోడి కూసే వేళకు అందరూ బజారులో ఉండేవారు. పని లేని కోడిని దాని యజమాని కోసుకున్నాడు.

ధరలు తక్కువగా ఉన్న కాలంలో ఈ ఊరు ఎప్పుడైనా ఇంత క్రమశిక్షణ చూసిందా?

అంగళ్లవారు నలుగురూ కూడి ఒక ఉపాయం ఆలోచించారు. పలకలు తీయకముందే, పెరటి దారిన, ఒకరి దగ్గర ఒకరు బోణీ చేసుకోవాలి. బోణీ అయిపోయాక తెరుస్తారు కాబట్టి మాబీ మామూలు గిరాకీ అవుతుంది. దీనికి ఒక్క పొట్లం పప్పు చాలు. బయ్యన్న దాన్ని రెండో ఆయనకు అమ్ముతాడు. రెండో ఆయన మూడో ఆయనకు, మూడో ఆయన నాలుగో ఆయనకు అమ్ముతారు. నాలుగో ఆయన తిరిగి బయ్యన్నకు అమ్ముతాడు. పొట్లం బయ్యన్న దగ్గరికి చేరుతుంది. నాలుగు బోణీలు పూర్తవుతాయి. ఎవరికీ ఖర్చు లేదు.

మొదటి రోజు రెండో ఆయన పొట్లం చేతిలోకి తీసుకున్నాక ఒక సంగతి గుర్తొచ్చింది. తాను బోణీ గిరాకీ. పుట్టినప్పటి నుంచి ఇతరుల బేరాలు పడ్డవాడు. ఇప్పుడు బేరమాడే వంతు వచ్చింది.

"తగ్గించన్నా," అన్నాడు.

"మనలో మనకు బేరమేందప్పా?" అన్నాడు బయ్యన్న.

"సరే, వద్దులే," అని ఆయన గడప దాటబోయాడు. బయ్యన్న చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, తగ్గించి ఇచ్చాడు.

అదే పద్ధతిలో మూడో ఆయన రెండో ఆయన దగ్గర ఇంకా తగ్గించాడు. నాలుగో ఆయన ఇంకా తగ్గించాడు. పొట్లం బయ్యన్న దగ్గరికి తిరిగి వచ్చేసరికి దాని ధర బెళుగుప్ప ధరను దాటి కిందికి పోయింది. తాను అమ్మిన పొట్లాన్ని బయ్యన్న తాను అమ్మిన దానికన్నా తక్కువకు కొన్నాడు. ఆ రోజు ఆయన ముఖంలో కళ ఉంది. మిగతా ముగ్గురి ముఖాల్లో లేదు.

మరుసటి రోజు ఆ ముగ్గురి పట్టుదల మీద పొట్లం నాలుగో అంగడి నుంచి బయలుదేరింది. సాయంత్రానికి కళ నాలుగో ఆయనకు మారింది. మూడో రోజు పొట్లం ఎక్కడి నుంచి బయలుదేరాలన్న దాని మీద పొద్దెక్కేదాకా వాదన జరిగింది. చివరికి బయలుదేరింది కానీ తిరిగి రాలేదు. నాలుగో అంగడివారింట్లో ఆ రోజు పప్పు వండారు. ఒప్పందం అంతటితో ముగిసింది. ఆ మూడు రోజులూ మామూలు గిరాకీలెవరికీ సరుకు అందలేదు. అంగళ్లు తెరిచే తీరిక ఎవరికీ దొరకలేదు. మాబీ ఇంట్లో ముందు తెచ్చిన పప్పుతోనే గడిచింది.

ఆ తర్వాత మళ్లీ ఆమె బోణీలు మామూలుగా నడిచాయి. నెల మారింది. సోమవారం వచ్చింది.

ఆ రోజు నలుగురిదీ ఒకటే ఆలోచన. ముందు తెరిచినవాడి మీద మాబీ పడుతుంది. కాబట్టి పక్కవాడు తెరిచి, ఆమె అటు పోయాక, వేరే గిరాకీతో బోణీ చేసుకోవాలి; అందాకా తాను తెరవకూడదు. నలుగురూ పలకల సందుల్లోంచి పక్కవాడి వాకిలి చూస్తూ కూర్చున్నారు. మాబీ బయ్యన్న మెట్టు మీద కూర్చుంది. ఆమె వెనక రామలక్ష్మమ్మ, ఆమె వెనక వీధి. పొద్దెక్కింది. వరుసలో ఉన్నవారు కొంగులు నెత్తిన వేసుకున్నారు.

సందులోంచి బయ్యన్న గొంతు వినిపించింది.

"మాబమ్మా, ఇంటికి పో తల్లీ. ఎండ ఎక్కుతాంది."

"ఎక్కనీన్నా. నీ ధర యాడికెక్కిందో చూసే పోతా."

"మొన్న తీసుకపోతివి కదమ్మా పప్పు?"

"తింటిమి."

బయ్యన్న మళ్లీ సందుకు నోరు ఆనించాడు.

"ఈ పొద్దు సెలవమ్మా."

"ఏం సెలవు?"

బయ్యన్న లోపల సెలవు పేరు కోసం వెతికాడు. దొరకలేదు.

బజారు చివర ఓబుళేసు లారీ ఆగి ఉంది. వెనక బండలు పేర్చి, వాటి మీద గడ్డి పరిచి ఉంది. గడ్డి మీద ట్రంకు పెట్టె, పెట్టె పక్కన గౌస్‌బీ, ఆమె ఒళ్లో తల పెట్టుకుని హబీబా ఉన్నారు. ఇమాంసాబ్ వరుసను దాటుకుంటూ మెట్టు దగ్గరికి వచ్చాడు. మసీదులో మధ్యాహ్నం నమాజుకు బాంగు అప్పుడే అయింది.

"లేయే. లారీ పోతాండాది."

"బోణీ కాలేదు," అన్నది మాబీ.

"అంగడే తీయలేదు కదే."

"తీయకపోతే ఇంకా తెల్లారనట్లే. నువ్వు లారీ వచ్చే దినం దాకా అంటివి. ఆ దినం ఇంకా మొదలే కాలేదు."

ఇమాంసాబ్ నడినెత్తిన ఉన్న సూర్యుణ్ని చూశాడు. భార్యను చూశాడు. వరుసలో ఉన్నవారు కూడా సూర్యుణ్ని చూశారు.

"ఆయమ్మ చెప్పేది నిజమే సాయిబూ," అన్నది రామలక్ష్మమ్మ. "మా ఇంట్లో గూడా ఇంకా తెల్లారలేదు. పొయ్యి మీద ఏమీ ల్యా."

లారీ హారన్ మోగింది. ఇమాంసాబ్ అటు ఒక అడుగు వేసి ఆగాడు.

బయ్యన్న తాత, తండ్రి, తాను ఇదే అంగట్లో పెరిగారు. వాకిట్లో ఇంతమంది చేతిసంచులతో నిలబడి ఉండగా, లోపల ఏ పనీ లేకుండా తలుపు మూసుకుని కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. ఆయన ఒక పలక తీశాడు. రెండో పలక తీశాడు. తక్కెడ ముందుకు జరిపి, మాబీ నోరు తెరవకముందే తాడిపత్రి ధర చెప్పాడు.

"మధ్యాన్నమైంది. ఇప్పుడు బోణీ లేదు, గీణీ లేదు. ఇదే ధర. ఇష్టమైతే తీసుకో."

మాబీ లేచి నిలబడింది. మెట్టు మాత్రం దిగలేదు.

"అన్నా, ఒగ మాట చెప్పు. ఇన్ని దినాలు నా ధరకు ఇచ్చినావు. నీకు నష్టమొచ్చినాదా?"

బయ్యన్నకు పౌరుషం వచ్చింది. మూడు తరాల వ్యాపారం. "నష్టానికిచ్చే నా కొడుకెవడమ్మా? ఏదో గిట్టినాది, ఇచ్చినా."

"తెల్లారి గిట్టిన ధర మధ్యాన్నం ఏంటికి గిట్టదు?"

బయ్యన్న తక్కెడ వైపు చూశాడు. తక్కెడ రెండు పళ్లేలూ ఖాళీగా, సమంగా ఉన్నాయి. వరుసలో ఉన్నవారంతా ఈ ప్రశ్న విన్నారు. పక్క మూడు అంగళ్లలో పలకల వెనక ఉన్నవారూ విన్నారు.

బయ్యన్న పప్పు తూచి మాబీ సంచిలో పోశాడు. మాబీ తన ధర చెల్లించింది.

రామలక్ష్మమ్మ మెట్టెక్కింది. "నాకూ అదే ధర."

"బోణీ అయిపోయిందమ్మా."

"అయితే వద్దులేన్నా." ఆమె దిగింది. ఆమె వెనక ఉన్నావిడ మెట్టెక్కకుండానే తిరిగింది. ఆవిడ వెనక వరుస తిరిగింది.

బయ్యన్న రెండోసారి చెప్పుల్లేకుండా వీధిలోకి పరుగెత్తాడు. "రాండమ్మా, రాండి. నేనేమన్నా ఇయ్యనంటినా?"

లారీ మీది నుంచి గౌస్‌బీ కేక వేసింది.

"ఏమ్మా మాబీ, గిట్టినాదా?"

"గిట్టినాదత్తా."

"అయితే దించండప్పా నన్ను. ఈ బండలు కాలుతాండాయి."

ఇమాంసాబ్ ముందు తల్లిని దించాడు. తర్వాత కూతురిని, ఆ తర్వాత పెట్టెను దించాడు. ఓబుళేసు లారీ బండలతో మాత్రమే కళ్యాణదుర్గం పోయింది.

పప్పు ఆ సాయంత్రానికి ఆ ధరకే అయిపోయింది. మంగళవారం మిగతా మూడు అంగళ్లలో కూడా పొద్దున ధరే రాత్రి దాకా నడిచింది. ఆ నెలంతా నడిచింది. ఏ అంగడీ మూతపడలేదు.

ఆగస్టులో బయ్యన్న అంగట్లోని పాత మట్టినేల తవ్వించి బండలు పరిపించాడు. మెట్టుకు కూడా కొత్త బండ వేయించాడు. వాటికి పాలిష్ పట్టింది ఇమాంసాబ్.

బండలు పరిచిన మరునాడు కందిపప్పు ధర పెరిగింది. ఎందుకు పెరిగిందని అడిగినవారికి బయ్యన్న కింద బండలు చూపించాడు.

ఆ మరుసటి రోజు చీకటితో ఆయన పలకలు తీశాడు. కొత్త మెట్టు మీద మాబీ కూర్చుని ఉంది.